బతుకమ్మ ఫొటోలు చీకటైపోకుండా

మా వాడకట్టులో బతుకమ్మ ఆట ఊపందుకునేసరికి పొద్దు గూకుతుంది. నా చిన్న డిజిటల్ కెమెరాతో తీస్తే ముందున్నవాళ్ల మొహాలు సున్నం కొట్టినట్టు, వెనకంతా చీకటి. కెమెరానే తిట్టుకునేవాణ్ణి. తీరా చూస్తే తప్పు ఫ్లాష్‌ది. దాని వెలుగు 3, 4 మీటర్లు దాటదు.

ఈసారి ఫ్లాష్ ఆపేసి, ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫొటో ప్రకాశంగా వచ్చేలా చేసే సెట్టింగ్) 800 పెట్టాను. జూమ్ చేస్తే లెన్సులోకి వచ్చే వెలుగు తగ్గుతుంది, అందుకని నడిచే దగ్గరికెళ్లాను. బతుకమ్మను తీసేటప్పుడు కెమెరాను అరుగు మీద ఆనించి 2 సెకన్ల టైమర్ పెడితే చేతి వణుకు పోయింది. ఆడేవాళ్లకు టైమర్ పనికిరాదు. బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టి, వాళ్లు వంగి చప్పట్లు కొట్టే క్షణంలో పూర్తిగా నొక్కాలి. చేతులు కాస్త చెదిరినా మొహాలు నిలిచాయి. ఐఎస్ఓ పెంచినందుకు ఫొటోలో ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తోంది, పోనీ. తంగేడు పసుపు, గునుగు తెలుపు వేటికవే తెలుస్తున్నాయి.