తొలి ఐదు సెకన్లు: వావ్ క్లాసిక్ డంజన్‌లో పుల్ చెడకుండా ఆడటం

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ (వావ్ క్లాసిక్) అనే ఆన్‌లైన్ గేమ్‌లో ఐదుగురు కలిసి డంజన్‌లోకి (శత్రువులు నిండిన చోటులోకి) దిగే కొత్త గ్రూపులు అక్కడి పెద్ద శత్రువులైన బాస్‌ల గురించే భయపడతాయి. చచ్చేది మాత్రం చాలాసార్లు దారిలో నిలబడ్డ మామూలు మాబ్‌ల (గేమ్ నడిపే శత్రువుల) చేతిలోనే. బాస్ ఒక్కడు, ఏం చేస్తాడో ముందే తెలుసుకోవచ్చు. నాలుగు మాబ్‌ల గుంపు పుల్ చేసిన (మన మీదికి రప్పించిన) ఐదు సెకన్లలోనే నలుగురి మీదికి చెదిరిపోతే మాత్రం ఎవరి దగ్గరా మందుండదు. అందుకే ఇక్కడ ఎక్కువగా పుల్ గురించే చెప్తాం.

ముందు థ్రెట్ లెక్క, అంటే మాబ్ ఎవరి మీదికి పోవాలో తేల్చే లెక్క, అర్థం కావాలి. వారియర్, డ్రూయిడ్, రోగ్, మేజ్, ప్రీస్ట్ లాంటివి ఆటగాళ్లు ఎంచుకునే పాత్రలు. గ్రూపులో ట్యాంక్ దెబ్బలు తన మీదికి తెచ్చుకుంటాడు, హీలర్ ప్రాణం నింపుతాడు, మిగతావాళ్లు (డీపీఎస్) కొడతారు. ప్రతి మాబ్ దగ్గరా ఒక పద్దు ఉంటుంది, ఎవరి పేరున ఎంత థ్రెట్ పడిందో అందులో రాసుకుంటుంది. 1 డ్యామేజ్ కొడితే 1 థ్రెట్. హీల్ చేస్తే అందులో సగం, అదీ పోరులో ఉన్న మాబ్‌లన్నిటికీ సమానంగా పంచుతారు. నిండు ప్రాణం మీద వృథాగా పోయిన హీల్ లెక్కలోకి రాదు. డిఫెన్సివ్ స్టాన్స్‌లో (కాచుకునే భంగిమలో) ఉన్న వారియర్‌కూ ఎలుగు రూపంలో ఉన్న డ్రూయిడ్‌కూ థ్రెట్ 1.3 రెట్లు పడుతుంది. రోగ్‌కు 0.71 మాత్రమే, అందుకే రోగ్ కాస్త దూకుడుగా ఆడినా సాగుతుంది.

మాబ్ ఒకరిని వదిలి మరొకరి మీదికి తిరగాలంటే కొత్తవాళ్లు కొంచెం ముందుంటే చాలదు. పక్కనే నిలబడి కొట్టేవాళ్లు ట్యాంక్ థ్రెట్‌లో 110% దాటాలి, దూరం నుంచి కొట్టేవాళ్లు 130% దాటాలి. ట్యాంక్ పేరున 1000 ఉంటే రోగ్‌కు 1100 వరకు, మేజ్‌కు 1300 వరకు జాగా ఉందన్నమాట. పోరు మధ్యలో ఈ జాగా పెద్దదే. మొదటి రెండు సెకన్లలో ట్యాంక్ పేరున 150 కూడా ఉండదు, అప్పుడు ఒక్క ఫైర్‌బాల్ క్రిట్ అయితే (మామూలుకన్నా పెద్ద దెబ్బ పడితే) మేజ్ పని అయిపోయినట్టే.

హీలర్ కష్టం ఇంకో రకం. ట్యాంక్ ఒక మాబ్‌ను కొడుతుంటే మిగతా మూడూ ఊరికే అతని వెంట వచ్చి కొడుతుంటాయి, కానీ వాటి పద్దులో అతని పేరున దాదాపు సున్నా. హీలర్ 600 హీల్ వేస్తే 300 థ్రెట్, నాలుగింటికి పంచితే తలా 75. సున్నా కన్నా 75 ఎక్కువ కదా, మూడూ కలిసి హీలర్ మీదికి పోతాయి. ఇందులో హీలర్ తప్పేం లేదు. ట్యాంక్ ప్రతి మాబ్‌ను కనీసం ఒక్కసారైనా తాకకపోవడమే కారణం.

ట్యాంక్ వారియర్ అయితే పుల్ ఇలా చేయండి. విల్లో తుపాకో తప్పకుండా ఉండాలి, మందుగుండు సరిపడా ఉండాలి. ఛార్జ్ చేసి దూకడం చూడ్డానికి బాగుంటుంది గానీ, అది బ్యాటిల్ స్టాన్స్‌లోనే పనిచేస్తుంది. అక్కణ్ణుంచి డిఫెన్సివ్‌కు మారగానే టాక్టికల్ మాస్టరీ టాలెంట్ లేనివాళ్లకు వచ్చిన రేజ్ (వారియర్ నైపుణ్యాలకు ఖర్చయ్యే శక్తి) అంతా పోతుంది. పైగా ఛార్జ్ చేస్తే మీరు వెళ్లి మాబ్‌ల గూట్లో నిలబడతారు, పక్క గుంపు కూడా లేస్తుంది. దాని బదులు దూరం నుంచి ఒక బాణం వేసి, మూల తిరిగి గోడ చాటుకు రండి. కత్తులు పట్టినవాళ్లు వాళ్లంతట వాళ్లే పరుగెత్తుకొస్తారు. స్పెల్స్ వేసేవాళ్లు మాత్రం మీరు కనబడినంతసేపూ ఉన్నచోటే నిలబడి వేస్తారు. మీరు గోడ చాటుకెళ్తే వాళ్లూ కదిలి రాక తప్పదు. ఈ ఒక్క అలవాటుతో సగం వైప్‌లు (గ్రూపంతా చావడాలు) తప్పుతాయి.

బాణం వేసిన వెంటనే బ్లడ్‌రేజ్ నొక్కండి, చేతిలో 10 రేజ్ పడుతుంది, తర్వాతి 10 సెకన్లలో మరో 10 వస్తుంది. థ్రెట్ తెచ్చే దెబ్బ సండర్ ఆర్మర్‌కు 15 కావాలి. మొదటి సండర్ పుర్రె గుర్తున్న (గ్రూపు మాబ్ తలమీద పెట్టుకునే గుర్తు) మాబ్ మీద, రెండోది ఎక్స్ గుర్తు మీద, ఆ తర్వాత ట్యాబ్ నొక్కుతూ మిగతావాటికి తలా ఒకటి. ఒకే మాబ్ మీద ఐదు సండర్లూ పేర్చేసి మిగతావాటిని వదిలేయడం కొత్త ట్యాంకులందరూ చేసే పొరపాటు. టాంట్‌ను (మాబ్‌ను మీ మీదికి తిప్పే నైపుణ్యాన్ని) పుల్‌లో వాడకండి. మాబ్ అప్పటికే మిమ్మల్నే కొడుతుంటే టాంట్ వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా మళ్లీ రావడానికి 10 సెకన్లు పడుతుంది. మాబ్ వేరేవాళ్ల మీదికి పోయినప్పుడు వేస్తే మీ థ్రెట్ వాళ్ల థ్రెట్‌తో సమానం అవుతుంది, మూడు సెకన్లు మిమ్మల్నే కొడుతుంది. ఆ మూడు సెకన్లలో సండర్ వేయకపోతే మళ్లీ జారిపోతుంది.

ప్రీస్ట్‌లకు ఒక మాట. పుల్‌కు ముందు వారియర్ మీద షీల్డ్ వేయడం మంచిపనిలా కనిపిస్తుంది. కానీ దెబ్బ తగిలితేనే వారియర్‌కు రేజ్ వస్తుంది, షీల్డ్ ఆ దెబ్బనే మింగేస్తుంది. రేజ్ లేని ట్యాంక్ థ్రెట్ ఎక్కడ తెస్తాడు? షీల్డ్‌ను ఆపద కోసం దాచండి. మొదటి హీల్‌ను ట్యాంక్ ప్రాణం 60 శాతానికి వచ్చేదాకా ఆపగలిగితే ఆపండి. అయినా మాబ్ మీమీదికి వస్తే వెనక్కి పరుగెత్తకండి, ట్యాంక్ కాళ్ల దగ్గరికి వెళ్లండి. పారిపోయే హీలర్ వెంట పరుగెత్తి మాబ్‌ను పట్టుకోవడం ఏ ట్యాంక్ వల్లా కాదు.

స్పెల్స్‌కు ఖర్చయ్యే శక్తి మానా; దాని విషయంలో ఐదు సెకన్ల నియమం మర్చిపోవద్దు. మానా ఖర్చుపెట్టిన ప్రతిసారీ ఐదు సెకన్లు స్పిరిట్ వల్ల వచ్చే మానా ఆగిపోతుంది. చిన్నచిన్న హీల్స్ ఆపకుండా వేసేకంటే ఒకటి సరిగ్గా వేసి ఆగడం మేలు. పెద్ద ర్యాంక్ హీల్ అక్కర్లేనిచోట అదే స్పెల్ పాత ర్యాంక్‌ను బార్‌లో పెట్టుకోండి. దానికి మానా తక్కువ, వృథా తక్కువ.

గుర్తులు ఎనిమిది ఉన్నాయి. అన్నీ వాడాల్సిన పనిలేదు. పుర్రె మొదట చావాలి, ఎక్స్ రెండోది, చంద్రుడు మేజ్ గొర్రెగా మార్చేది, ఇంతే చాలు. ఆ గొర్రె స్పెల్ పాలీమార్ఫ్ మనుషుల్లాంటి వాటి మీదా జంతువుల మీదా పనిచేస్తుంది, పై ర్యాంక్‌లో 50 సెకన్లు ఉంటుంది. గొర్రెగా ఉన్నంతసేపూ దానికి ప్రాణం జోరుగా పెరుగుతుంది, కాబట్టి సగం చంపినదాన్ని గొర్రెను చేస్తే ఆ శ్రమంతా నీళ్లపాలే. మాబ్‌ను కాసేపు కదలనివ్వని రోగ్ శాప్ మనుషుల్లాంటి వాటి మీదే, అదీ పోరు మొదలుకాకముందే. చచ్చిలేచినవాటికి ప్రీస్ట్ షాకిల్, రాక్షసులకూ ఎలిమెంటల్స్‌కూ వార్‌లాక్ బానిష్. గొర్రె పక్కన మల్టీషాట్, బ్లిజార్డ్, కాన్సిక్రేషన్ లాంటి ఒకేసారి చాలావాటికి తగిలేవి వేసేవాళ్లకు ముందే గట్టిగా చెప్పండి.

లెవెల్ తేడాను కూడా లెక్కలో పెట్టుకోండి. మీ లెవెల్‌లోనే ఉన్న మాబ్ దాదాపు 20 గజాల్లో మిమ్మల్ని పసిగడుతుంది. మీరు ఒక్కో లెవెల్ తక్కువయ్యేకొద్దీ ఆ దూరం సుమారు ఒక్కో గజం పెరుగుతుంది. అందరూ గోడ పక్కనుంచి నిక్షేపంగా వెళ్లిన దారిలో ఐదు లెవెల్స్ తక్కువున్న ఐదోవాడు మాత్రం గుంపును లేపుతాడు. స్పెల్స్‌కూ ఇదే గతి. సమాన లెవెల్ మాబ్ మీద స్పెల్ తప్పే అవకాశం 4%, మూడు లెవెల్స్ పైనున్నదాని మీద 17%. గొర్రె పడలేదని మేజ్‌ను తిట్టేముందు మాబ్ లెవెల్ చూడండి.

హంటర్లు డంజన్‌లో అడుగుపెట్టగానే పెట్ (తోడుండే జంతువు) గ్రౌల్, అంటే మాబ్‌ను తన మీదికి లాగే అరుపు, ఆపేయాలి, లేకపోతే ట్యాంక్‌తో పెట్ పోటీపడుతుంది. వార్‌లాక్ వాయిడ్‌వాకర్ టార్మెంట్ కూడా అంతే. ఎత్తు నుంచి కిందికి దూకేటప్పుడు పెట్‌ను ముందు డిస్మిస్ చేయండి. అది మీతో దూకలేకపోతే చుట్టూ తిరిగి నడిచొస్తుంది, దారిలో ఉన్న ప్రతి గుంపునూ బంధువుల్లా వెంటేసుకొస్తుంది. మాబ్‌ను భయపెట్టి పరుగెత్తించే ఫియర్ ఇరుకు గదుల్లో వద్దే వద్దు. భయపడ్డ మాబ్ పక్క గదిలోకి పోయి నలుగురితో తిరిగొస్తుంది. ప్రాణం తగ్గగానే పారిపోయే మనుషులతోనూ ఇదే ప్రమాదం. 30% దగ్గరే నడక మందగించే హామ్‌స్ట్రింగ్, వింగ్ క్లిప్ లేదా ఫ్రాస్ట్‌బోల్ట్ పడాలి.

ఈ లెక్క బాస్‌ల దగ్గర ఎలా తగులుతుందో చూడండి. డెడ్‌మైన్స్ డంజన్‌లో రాక్‌జోర్ అనే బాస్ పడిపోయాక వెనకనుంచి గస్తీ మాబ్‌లు వస్తాయి, సరిగ్గా హీలర్ కూర్చుని నీళ్లు తాగే వేళకు. అక్కడ హీలర్‌ను గోడ వైపు, ట్యాంక్‌ను దారి వైపు కూర్చోబెట్టండి. చివరి బాస్ వాన్‌క్లీఫ్ ప్రాణం సగానికొచ్చేసరికి ఇద్దరు తోడొస్తారు. వాళ్ల పద్దు ఖాళీ, అంటే నేరుగా హీలర్ మీదికే. ఆ సమయానికి ట్యాంక్ దగ్గర రెండు సండర్లకు సరిపడా రేజ్ ఉండాలి.

స్కార్లెట్ మొనాస్టరీ డంజన్‌లో నాలుగు విభాగాలు. ఆర్మరీ, కెథెడ్రల్ తలుపులకు కావాల్సిన తాళంచెవి లైబ్రరీ చివర డోన్ అనే బాస్ గదిలోని పెట్టెలో ఉంటుంది, కాబట్టి లైబ్రరీ ముందు. డోన్ తన చుట్టూ బుడగ కట్టుకుంటే కొట్టడం ఆపి గది బయటికి పరుగెత్తండి, వెంటనే పేలుడు వస్తుంది. కెథెడ్రల్‌లో మొగ్రేన్ అనే బాస్‌ను ముట్టుకునే ముందు హాలూ పక్క గదులూ ఖాళీ చేయాలి, అతను పిలిస్తే మిగిలినవాళ్లంతా వస్తారు. అతను చచ్చాక వైట్‌మేన్ అనే రెండో బాస్ వస్తుంది. ప్రాణం సగమయ్యాక అందరినీ నిద్రపుచ్చి మొగ్రేన్‌ను లేపుతుంది. మెలకువ రాగానే ట్యాంక్ టాంట్ మొగ్రేన్ మీద, రోగ్ కిక్ (స్పెల్‌ను మధ్యలో ఆపేది) వైట్‌మేన్ హీల్ మీద. ఇద్దరూ ఒకరినే చూస్తుంటే ఆ పోరు తెమలదు.

మోల్టెన్ కోర్‌లో 40 మంది ఉన్నా పద్దు అదే. బాస్‌లు 63 లెవెల్ లెక్కన ఉంటాయి కాబట్టి స్పెల్ తప్పే ఆ 17% ఇక్కడ శత్రువు మీద స్పెల్స్ వేసే 60 లెవెల్ వాళ్లందరికీ తగులుతుంది. గేమ్‌లోని రెండు పక్షాల్లో అలయన్స్‌కు పాలడిన్ బ్లెస్సింగ్ ఆఫ్ సాల్వేషన్ 30% థ్రెట్ తగ్గిస్తుంది, అందుకే ట్యాంకులకు తప్ప మిగతావాళ్లకు వేస్తారు. రెండో పక్షమైన హోర్డ్‌కు ఆ సౌకర్యం లేదు, షామన్ ట్రాంక్విల్ ఎయిర్ టోటెమ్ తన పార్టీకి 20% మాత్రమే తగ్గిస్తుంది, కాబట్టి డీపీఎస్ ఇంకాస్త చేతులు ముడుచుకుని ఆగాలి.

పుల్ చేయిదాటిందని తెలిశాక అందరూ చావడం దండగ. ప్రతి చావుకూ సామాన్ల మన్నిక 10% తగ్గుతుంది. బతికించగల ప్రీస్ట్ లేదా పాలడిన్ ఒక్కరు డంజన్ ద్వారం దాకా పరుగెత్తి బయటపడితే చాలు. వార్‌లాక్ ఉంటే సోల్‌స్టోన్ (చచ్చినవాళ్లు తిరిగి లేవడానికి వేసేది) ముందే హీలర్ మీద ఉండాలి, ట్యాంక్ మీద కాదు. అది 30 నిమిషాలే నిలుస్తుంది, కాబట్టి గడువు చూస్తూ మళ్లీ వేస్తుండాలి. సోల్‌స్టోన్‌తో లేచేవాళ్లు వెంటనే లేవకండి. మాబ్‌లు తమ చోటికి తిరిగెళ్లేదాకా, గస్తీ మాబ్‌లు దాటేదాకా శవంగానే పడుండి చూడండి.