షుగర్‌ఫ్రీ బిళ్ళల వల్ల క్యాన్సర్ అని వార్త వస్తే దాన్ని ఎలా చెక్ చెయ్యాలి?

నేను కెమిస్ట్రీ చెప్తాను, మా అమ్మకి పదిహేనేళ్ళుగా షుగర్, అందుకని స్వీట్‌నర్ మీద ఏ వార్త వచ్చినా చుట్టాలందరూ ముందు నాకే ఫార్వర్డ్ చేస్తారు. హెడ్డింగ్ చూసి భయపడిపోయి డబ్బా పారేసి, షుగర్ ఉన్నవాళ్ళు కూడా మళ్ళీ టీలో రెండు స్పూన్ల పంచదార మొదలుపెడతారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పది నిమిషాల లెక్కతో తేలిపోయే విషయం ఇది.

కావలసినవి ఏంటంటే మీ దగ్గరున్న డబ్బా, మీ బరువు, కాగితం, పెన్ను. ఫోన్ కాలిక్యులేటర్ వద్దు, చేత్తో రాస్తేనే సున్నా ఎక్కడ జారిందో కనిపిస్తుంది.

ముందు పేరు చూడండి. డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో నంబర్ ఉంటుంది, 951 అంటే ఆస్పర్టేమ్, 954 శాకరిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా. వార్త 951 గురించి, మీ డబ్బాలో ఉన్నది 955 అయితే ఆ వార్త మీది కాదు, అక్కడితో ఆపెయ్యండి.

తర్వాత ఎవరి మీద చేశారో చూడండి. గాజు గిన్నెలో కణాల మీద ఆస్పర్టేమ్ పోసి చేసిన స్టడీ అయితే నేను పక్కన పెట్టేస్తా, ఎందుకంటే మనం మింగిన ఆస్పర్టేమ్ పేగుల దగ్గరే ఫినైల్అలనిన్, ఆస్పార్టిక్ యాసిడ్, మిథనాల్ అనే మూడు ముక్కలుగా విడిపోతుంది, దాదాపుగా ఏదీ ఆస్పర్టేమ్ రూపంలో రక్తంలోకి పోదు. మిథనాల్ అనగానే కంగారు పడతారు కానీ అది బరువులో పదో వంతే, అంటే 20 మిల్లీగ్రాముల బిళ్ళలో 2 మిల్లీగ్రాములు, గ్లాసు టమాటా రసంలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బుతో పుట్టినవాళ్ళు మాత్రం ఆస్పర్టేమ్ ముట్టుకోకూడదు, వాళ్ళ ఒంట్లో ఫినైల్అలనిన్ సరిగ్గా ఖర్చవదు, డబ్బా మీద హెచ్చరిక రాసేది అందుకే.

ఇక అసలు స్టెప్, డోసు లెక్క. నెమ్మదిగా చెయ్యండి, నూటికి తొంభై మంది తప్పేది ఇక్కడే.

ఎలకల స్టడీలో డోసుని మేతలో ఇంత శాతం అనో, ఇన్ని పీపీఎం అనో రాస్తారు. పీపీఎం అంటే కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు అని, నిజమే, కానీ ఏ కిలో? మేత కిలో, ఎలక ఒంటి కిలో కాదు. నా దగ్గర చదివిన ఒకబ్బాయి 50,000 పీపీఎం చూసి ఎలక కిలో బరువుకి 50,000 మిల్లీగ్రాములు తిందని రాసేశాడు, ఒక్క దెబ్బకి లెక్క ఇరవై రెట్లు తప్పింది. ఎదిగిన ఎలక రోజుకి తన బరువులో సుమారు ఇరవయ్యో వంతు మేత తింటుంది, అందుకని పీపీఎంని 20తో భాగించాలి. ల్యాబుల్లో వాడే చిన్న చుంచెలుక అయితే తన బరువుని బట్టి చూస్తే ఇంకా చాలా ఎక్కువ తింటుంది, దానికి ఈ 20 పనికిరాదు, కాబట్టి ఏ జంతువో చూడకుండా భాగించకండి.

1977లో కెనడా వాళ్ళ శాకరిన్ స్టడీ తీసుకోండి, మగ ఎలకలకి మూత్రాశయంలో గడ్డలు వచ్చాయని ప్రపంచమంతా గగ్గోలు పుట్టిన స్టడీ అది. మేతలో శాకరిన్ 5 శాతం, అంటే 50,000 పీపీఎం, 20తో భాగిస్తే ఒంటి కిలోకి 2,500 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అదే లెక్కన రోజుకి 150 గ్రాములు! శాకరిన్ పంచదార కంటే 300 రెట్లు తీపి, అంటే రోజూ 45 కిలోల పంచదార తీపి తిన్నట్టు. పైగా ఆ ఎలకల మూత్రంలో ఏర్పడే పలుకులు లోపలి పొరని గీరడం వల్ల గడ్డలు వచ్చాయని, మనిషిలో అలా జరగదని తర్వాత తేలింది, అమెరికాలో ఆ హెచ్చరిక లేబుల్ 2000లో తీసేశారు.

ఇప్పుడు హద్దు. తిండిలో కలిపే పదార్థాలు ఎంతవరకు తినొచ్చో తేల్చే జెక్ఫా అనే అంతర్జాతీయ కమిటీ 1981లోనే ఆస్పర్టేమ్‌కి ఒంటి కిలోకి రోజుకి 40 మిల్లీగ్రాములు అని పెట్టింది. ఎలకలకి హాని కనపడని 4,000 మిల్లీగ్రాముల్ని 100తో భాగించారు, ఎలకకీ మనిషికీ తేడా ఉంటుందని ఒక 10, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో 10. అమెరికా వాళ్ళ హద్దు 50, కానీ మీరు 40నే వాడండి, లెక్క ఎప్పుడూ తక్కువ వైపు ఉండాలి. పిల్లల విషయంలో పెద్దవాళ్ళ బరువు పెట్టి లెక్కెయ్యకండి. 15 కిలోల పిల్లాడికి హద్దు 600 మిల్లీగ్రాములే, ఒక డైట్ కూల్‌డ్రింక్ క్యాన్‌లో 200 నుంచి 300 దాకా ఉండొచ్చు, అంటే రెండు మూడు క్యాన్లతో హద్దుకి చేరతాడు. నన్నడిగితే పిల్లలకి అసలు ఇవ్వకూడదు.

మనుషుల మీద స్టడీ అయితే ఎవరు తాగుతున్నారో చూడండి. 2022లో ఫ్రాన్స్‌లో లక్ష మందికి పైగా మనుషుల్ని గమనించిన స్టడీలో స్వీట్‌నర్లు ఎక్కువ వాడేవాళ్ళలో క్యాన్సర్ 13 శాతం ఎక్కువ కనిపించింది. కొట్టిపారేసే స్టడీ కాదది, కానీ స్వీట్‌నర్ వాడేవాళ్ళలో ముందే బరువు, షుగర్ ఉన్నవాళ్ళు ఎక్కువ, లెక్కల్లో సర్దినా ఆ తేడా పూర్తిగా పోదు.

చివరగా 2బి అనే మాట. 2023 జూలైలో క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఆస్పర్టేమ్‌ని 2బి గ్రూపులో, అంటే క్యాన్సర్ తెప్పించొచ్చేమో కానీ గట్టి ఆధారం లేదు అనే గ్రూపులో పెట్టింది, కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా అందులోనే ఉంది. పొలంలో పాముందా అనేది వాళ్ళ ప్రశ్న, మీ కాలి కింద ఉందా అనేది జెక్ఫా ప్రశ్న. అదే రోజు జెక్ఫా 40 అనే హద్దు మార్చక్కర్లేదని చెప్పింది, ఆ రెండో ముక్క ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

మా అమ్మ లెక్క ఇంకా ఫ్రిజ్ మీద అంటించే ఉంది. రోజుకి మూడు టీలు, టీకి రెండు బిళ్ళలు, బిళ్ళకి 20 చొప్పున 120 మిల్లీగ్రాములు, ఆవిడ బరువు 58 కిలోలు, కిలోకి 2 మిల్లీగ్రాముల పైచిలుకు.