నిండా కొట్టించినప్పుడే పెట్రోలు వాసనా? పాత వ్యానగన్ ఉన్నవాళ్లకు వేసవి ముందు జాగ్రత్తలు

అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ వ్యాను వ్యానగన్ అమ్మకాలు 1991 మోడల్‌తో ఆగిపోయాయి. క్యాంపింగ్ కోసం దాంట్లోనే పడక, స్టవ్వు ఉండే వెస్ట్‌ఫాలియా రకం కొనుక్కున్న మన తెలుగువాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఇదే. ఇంతవరకు ఎవరూ మార్చకపోతే, ట్యాంకు మీదున్న రబ్బరుకు ముప్పయ్యేళ్లు దాటిపోయాయి. పిల్లలకు సెలవులిచ్చి, పార్కుల్లో సైట్లు బుక్ చేసుకునేలోపే దాని సంగతి చూడండి.

పాత బండి కదా, ఆ మాత్రం వాసన ఉంటుందిలే అని వదిలేయొద్దు. ఇంజిన్ వెనక ఉన్నా, ఈ బండికి ట్యాంకు ముందు భాగంలో, మన కాళ్ల కింది నేలకు అడుగున ఉంటుంది. నాలుగు చక్రాలూ లాగే సింక్రోలో మాత్రం వెనక, గేర్‌బాక్సు పైన పెట్టారు. పైగా ఇది పడుకునే బండి. ప్రొపేన్ స్టవ్వు లోపలే ఉంటుంది, ఫ్రిజ్‌లో సన్నటి మంట గంటల తరబడి వెలుగుతూ ఉంటుంది. ఇంట్లో గ్యాసు వాసన వస్తే లైటు స్విచ్చు కూడా ముట్టుకోం కదా, ఇక్కడా అంతే భయం ఉండాలి. పెట్రోలు కొట్టించేటప్పుడు ఫ్రిజ్, స్టవ్వు రెండూ ఆరిపోయి ఉన్నాయో లేదో కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

లీకు ఎక్కడో బండే చెబుతుంది. నిండా కొట్టించిన రోజు, లేదా మలుపుల్లో మాత్రమే వాసన వచ్చి, సగానికి తగ్గాక పోతోందంటే అనుమానం ట్యాంకు పైభాగం మీద. గాలి గొట్టాలు లోపలికి దిగే చోట ఉండే గ్రోమెట్లు (రంధ్రం అంచున బిగించే రబ్బరు రింగులు), పెట్రోలు పోసే గొట్టం సీలు, పెట్రోలు ఎంతుందో గేజ్‌కు చెప్పే సెండర్ కింది వాషర్ గట్టిపడి పగులుతాయి. గోటితో నొక్కితే సొట్ట పడని రబ్బరు పని అయిపోయినట్టే. తక్కువ పెట్రోలున్నా కారుతోందంటే అడుగున గొట్టం బిగింపు గానీ, తుప్పు తిన్న రేకు గానీ అయ్యుంటుంది.

పైభాగం చేతికి అందదు, ట్యాంకు దించాల్సిందే. 60 లీటర్ల ట్యాంకు నిండా ఉంటే పెట్రోలు బరువే 45 కిలోల దాకా ఉంటుంది. అందుకే దాదాపు ఖాళీ అయ్యేదాకా బండి తిప్పి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. గ్యారేజీలో మాత్రం వద్దు. చాలా ఇళ్లలో గ్యాసు వాటర్ హీటర్ అక్కడే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల వెంట పాకుతూ ఆ మంట దాకా పోతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వస్తుంది, చల్లటి పొద్దునే కదా అని ధీమా పడొద్దు. ఆరుబయట, చదునైన చోట బండి ఆపి, జాకీ మీదే నమ్మకం పెట్టుకోకుండా స్టాండ్లు వేయండి. బ్యాటరీ నెగటివ్ తీగ ముందుగా విప్పేయండి. బల్బు దీపం వద్దు, ఎల్ఈడీ టార్చి వాడండి. గొట్టం ఊడదీసిన క్షణాన పెట్రోలు మోచేతి మీదుగా చొక్కాలోకి, తల ఎత్తి ఉంటే కళ్లలోకి కారుతుంది. కళ్లద్దాలు, నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి.

రేకుకు చిల్లు పడితే వెల్డింగు ఆలోచనే పెట్టుకోకండి. ఖాళీ ట్యాంకులో నిండి ఉండేది ఆవిరే, నిప్పురవ్వ చాలు పేలడానికి. పైన రాసే ఎపాక్సీ జిగురు ఇంటిదాకా తీసుకొచ్చే ఏర్పాటే గానీ, దాన్ని నమ్ముకుని పిల్లలతో యోసెమిటీ వెళ్లకూడదు. ట్యాంకు మార్చేయండి.

ఎలాగూ పడుకుని పని చేస్తున్నారు, వెనక ఇంజిన్ దగ్గరి గొట్టాలూ మార్చేయండి. ఈ బండ్లు కాలిపోవడానికి పేరుమోసిన చోటు అదే. పెట్రోలును ఒత్తిడితో ఇంజిన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి కాబట్టి ప్రెజరు ఎక్కువ, సూదంత చీలిక నుంచి వేడి ఇంజిన్ మీదికి చిమ్ముతుంది. గొట్టం మీద ఇంజెక్షన్ గొట్టాల ప్రమాణమైన ఎస్ఏఈ జె30ఆర్9 (SAE J30R9) అని ఉందో లేదో చదివి కొనండి, కార్బురేటర్ బండ్ల గొట్టం పనికిరాదు. గొట్టం బిగించడానికి, అంచుతో రబ్బరును కోయని ఇంజెక్షన్ క్లాంపులే వాడండి. దారిలో వెనకనుంచి పొగ వస్తే ఇంజిన్ మూత ఎత్తి చూడొద్దు, గాలి తగిలి మంట ఎగదన్నుతుంది. అందర్నీ దింపి దూరంగా వెళ్లి 911కి ఫోన్ చేయండి.

అన్నీ బిగించాక ముందు రెండు గ్యాలన్లు పోసి, ఇంజిన్ నడిపి, ప్రతి జాయింటూ ఆరిన గుడ్డతో తుడిచి చూడండి. తడి లేకపోతే నిండా కొట్టించండి. సగం ట్యాంకుతో చేసే పరీక్షకు అర్థం లేదు, పై గ్రోమెట్లు కారేది నిండినప్పుడే. ఆ రాత్రి బండి బయటే ఉంచి, కింద అట్టముక్క పరిచి, పొద్దున చూడండి. అట్ట పొడిగా ఉండి, తలుపు తీసినప్పుడు వాసన రాకపోతేనే ఫ్రిజ్ వెలిగించండి.