"రెండ్రోజుల నుంచి జ్వరం" ఇంగ్లీష్‌లో ఎలా రాయాలి: హావ్ బీన్, సిన్స్, ఫర్

మొన్న మా మేనకోడలు కాలేజీకి లీవ్ లెటర్ రాసి, ఒకసారి చూడు మావయ్యా అని వాట్సాప్‌లో పెట్టింది. "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్" అని ఉంది. నేనూ స్కూల్లో ఇలాగే రాసేవాణ్ణి, ఎవరూ దిద్దలేదు. ఇది ఎక్కణ్ణుంచి వస్తుందంటే, తెలుగులో మనం "రెండ్రోజుల నుంచి బాధపడుతున్నా" అంటాం కదా, "బాధపడుతున్నా" కాస్తా యామ్ సఫరింగ్ అయింది, "నుంచి" సిన్స్ అయింది, అంతే. మన తెలుగు ప్రకారం ఆ పిల్ల కరెక్టే.

కానీ ఇంగ్లీష్‌లో ఒక పని ఎప్పుడో మొదలై ఇంకా నడుస్తుంటే, ఎప్పట్నుంచో కూడా చెప్తుంటే, యామ్, ఈజ్, ఆర్ పనికిరావు. హావ్ బీన్ గానీ హ్యాజ్ బీన్ గానీ పెట్టి తర్వాత ఐఎన్‌జీ రూపం రాయాలి. "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019." "షి హ్యాజ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్."

ఇక సిన్స్, ఫర్ గొడవ. మనకి రెండింటికీ "నుంచి" ఒక్కటే, అందుకే కలిసిపోతాయి. నేను చూసుకునే పద్ధతి చెప్తా: "నుంచి" ముందున్న మాటని క్యాలెండర్ మీదో గడియారం మీదో వేలు పెట్టి చూపించగలిగితే సిన్స్, అంటే సోమవారం, 2019, పొద్దున పదింటి నుంచి, ఇలాంటివి. వేళ్ళ మీద లెక్కపెట్టేదైతే, అంటే రెండ్రోజులు, మూడేళ్ళు, గంట, అప్పుడు ఫర్. సిన్స్ టూ డేస్ అనేది ఎప్పటికీ రాదు. "ఫ్రమ్ 2019" అని కూడా చాలామంది రాస్తారు, ఇంకా నడుస్తున్న పనికి అది వద్దు, "ఫ్రమ్ 2019 టు 2022" అని రెండు చివర్లూ చెప్పేటప్పుడు వాడుకోండి.

రెజ్యూమేలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. "ఐ హావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అంటే ఇంకా అక్కడే చేస్తున్నారని అర్థం, మానేసి ఉంటే "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అని రాయాలి. చదివేవాళ్ళకి ఈ ఒక్క మాటలోనే విషయం మారిపోతుంది.

ఇంకోటి, తెలియడం, కలిగి ఉండడం లాంటి మాటలకి ఐఎన్‌జీ పెట్టరు. "అతను నాకు పదేళ్ళుగా తెలుసు" అంటే "ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్", హావ్ బీన్ నోయింగ్ కాదు.

లేదు, రావట్లేదు అని కంప్లైంట్ రాసేటప్పుడు కూడా ఇదే లెక్క. "దేర్ హ్యాజ్ బీన్ నో వాటర్ సిన్స్ మండే." "ద లిఫ్ట్ హ్యాజ్ నాట్ బీన్ వర్కింగ్ ఫర్ ఎ వీక్." చిన్న వాక్యాలే, అవతలివాళ్ళకి సమస్య ఎన్నాళ్ళదో వెంటనే తెలుస్తుంది.

మా పిల్లకి "ఐ హావ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ టూ డేస్" అని దిద్ది, మామూలు జ్వరానికి సఫరింగ్ దాకా ఎందుకులే, "ఐ హావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్" అంటే చాలు అన్నా. హావ్ పక్కనే హ్యాడ్ చూసి, ఇలా రెండూ పక్కపక్కన వస్తాయా అని అడిగింది. వస్తాయి, మొదటిది ఇప్పటిదాకా అని చెప్పేది, రెండోది జ్వరం "ఉంది" అనే మాట. కాసేపాగి తనే ఇంకోలా రాసి పంపింది, "ఐ హావ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ మండే" అని.