సముద్రపు చేపకి హెవీ మెటల్ దెబ్బ తగిలిందో లేదో ఎలా చూడాలి
ముందు మొప్పలు ఎత్తి చూడండి, నీళ్లలో కరిగిన కాపర్, జింక్ లాంటివి మొదట తగిలేది అక్కడే. జిగురు బాగా పేరుకుని ఉంటే అనుమానించాలి, మైక్రోస్కోప్ కింద చూస్తే రేకులు వాచి ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపిస్తాయి, ఇక నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేపకి సరిగ్గా అందదు. అయితే పరాన్నజీవులు పట్టినా, అమ్మోనియా ఎక్కువైనా కూడా ఇలాగే అవుతుంది కాబట్టి కంటితో చూసి తేల్చేయకండి, ల్యాబ్‌కి పంపాల్సిందే.

ఏ మెటల్ కోసమో దాన్ని బట్టి ముక్క తీయాలి. కాడ్మియం అయితే లివర్, కిడ్నీ, మెర్క్యురీ అయితే కండ, లెడ్ అయితే ఎముక కూడా, ఎందుకంటే ఒక్కో మెటల్ ఒక్కో చోట ఎక్కువ పేరుకుంటుంది. కండ ఒక్కటే పంపించి కాడ్మియం లేదు హమ్మయ్య అనుకుంటే ఎలా అండీ?

స్టీల్ కత్తి నుంచి క్రోమియం, నికెల్ అంటుకోవచ్చు, సిరామిక్ బ్లేడ్ బెటర్. డబ్బా ప్లాస్టిక్‌దే, అదీ పలుచని నైట్రిక్ యాసిడ్‌తో, తర్వాత డీఅయోనైజ్డ్ వాటర్‌తో (కరిగిన లవణాలు తీసేసిన నీళ్లతో) కడిగింది, ముక్క పెట్టగానే ఫ్రీజ్ చేసేయండి.

చేప పొడవు, బరువు మాత్రం తప్పకుండా రాసుకోండి. మిథైల్ మెర్క్యురీ (చేప ఒంట్లో పేరుకునే మెర్క్యురీ రూపం) వయసుతో పాటు పెరుగుతూ పోతుంది, పెద్ద ట్యూనాని చిన్న సార్డీన్‌తో పోలిస్తే ఏమీ తేలదు, శుభ్రమైన నీళ్లలో దొరికిన అదే జాతి, అదే సైజు చేపతోనే పోల్చాలి.