కెలిడోస్కోప్ నాలుగో అధ్యాయంలో ఎర్రర్లా? కోడ్ ముట్టుకోకముందే వెర్షన్ చూడండి

గుంటూరు బ్రాడీపేటలో ఆదివారాలు బీటెక్ పిల్లలతో కూర్చుని ఎల్‌ఎల్‌వీఎంతో (కంపైలర్లు కట్టడానికి వాడే లైబ్రరీల కట్ట) చిన్న కంపైలర్ రాయిస్తుంటాను. మేం పట్టుకునేది ఆ ప్రాజెక్టు వాళ్లే ఇచ్చే కెలిడోస్కోప్ ట్యుటోరియల్, అందులో అధ్యాయం తర్వాత అధ్యాయంగా ఒక చిన్న భాషను కట్టుకుంటూ పోతాం. మీకు సి++ వచ్చు, టెర్మినల్ అలవాటే, లాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది అనుకునే ఇది రాస్తున్నాను.

ఎవరు ఏ ఎర్రర్‌తో వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే: ఎల్‌ఎల్‌వీఎం-కాన్ఫిగ్ --వెర్షన్ కొడితే ఏం వచ్చింది? చాలామంది క్లాంగ్ వెర్షన్ చూపిస్తారు. అది మీ ఫైల్‌ని కంపైల్ చేసే ప్రోగ్రామ్‌ది. మీరు లింక్ చేసే లైబ్రరీ ఏదో చెప్పేది ఎల్‌ఎల్‌వీఎం-కాన్ఫిగ్ మాత్రమే. అర నిమిషం పని. దీన్ని వదిలేసి సాయంత్రమంతా పార్సర్‌లో (కోడ్ నిర్మాణాన్ని గుర్తించే భాగం) తప్పు వెతికే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది.

4+5 కొట్టి ఎంటర్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు

చివర సెమీకోలన్ పెట్టండి. ఈ లెక్సర్‌కి (టైప్ చేసినదాన్ని ముక్కలుగా విడదీసే భాగం) కొత్త లైన్ అంటే ఖాళీ జాగా, అంతే. 5 తర్వాత ఇంకో ఆపరేటర్ వస్తుందేమోనని పార్సర్ ఎదురుచూస్తూ ఉంటుంది.

లింక్ దగ్గర 'అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్' వరదలా వస్తోంది

కమాండ్‌లో ముందు మీ సోర్స్ ఫైల్, ఆ తర్వాతే లైబ్రరీలు ఉండాలి. స్టాటిక్ లైబ్రరీలకు ఈ వరస ముఖ్యం. రెండోది, అధ్యాయం మారితే కావలసిన లైబ్రరీలూ మారతాయి. మూడోదానికి కోర్ చాలు, నాలుగోదానికి ఓఆర్‌సీజిట్ (కోడ్‌ని అప్పటికప్పుడే మెషీన్ కోడ్‌గా మార్చి నడిపే జిట్ భాగం), నేటివ్ కూడా కావాలి. పాత కమాండ్‌నే పై బాణం నొక్కి మళ్లీ వాడితే ఇదే వస్తుంది.

మూడు అధ్యాయాలు బాగానే నడిచాయి, నాలుగోదాంట్లో రెండు పేజీల ఎర్రర్లు

ఇక్కడ కాస్త ఆగి చదవండి. నన్ను బాగా దెబ్బతీసింది ఇదే.

ఎర్రర్లలో ఫైల్ పేరు చూడండి. అవి మీరు రాసిన టాయ్ ఫైల్‌లో కాకుండా కెలిడోస్కోప్‌జిట్ హెడర్ లోపల ఉంటాయి. లేదా మీ ఫైల్‌లోనే, ఆ హెడర్ ఇచ్చిన విలువను వాడిన లైన్ దగ్గర ఉంటాయి: గెట్‌అడ్రస్ తర్వాత టుపీటీఆర్ అనేదే లేదని. పిల్లలు వెంటనే తాము ఏదో తప్పు టైప్ చేశామనుకుంటారు. ట్యుటోరియల్‌తో అక్షరం అక్షరం పోల్చుకుంటారు. తేడా దొరకదు, ఎందుకంటే తేడా అక్కడ లేదు.

జరిగేది ఇదీ. ఆ హెడర్ మామూలుగా వేసుకునే ఆప్ట్ డెవ్ ప్యాకేజీలో రాదు. అది ఎల్‌ఎల్‌వీఎం సోర్స్‌లో ఎగ్జాంపుల్స్ ఫోల్డర్ కింద ఉంటుంది. 'ఫైల్ దొరకలేదు' అనగానే గిట్‌హబ్‌కి వెళ్లి, తెరవగానే కనిపించే మెయిన్ బ్రాంచ్ నుంచి కాపీ చేసుకుంటారు. మెయిన్ అంటే ఇంకా విడుదల కాని రేపటి వెర్షన్. మీ మెషీన్‌లో ఉన్నదేమో ఉబుంటు 22.04 అయితే ఎల్‌ఎల్‌వీఎం 14, 24.04 అయితే 18. ఎల్‌ఎల్‌వీఎంలో సుమారు ఆరు నెలలకో పెద్ద వెర్షన్ వస్తుంది. సి++ ఏపీఐ పాతదానితో కలిసి నడుస్తుందన్న హామీ వాళ్లు ఇవ్వరు. అందులోనూ ఓఆర్‌సీ జిట్ భాగం బాగా మారింది. పేరు ఇస్తే ఫంక్షన్‌ని వెతికిపెట్టే లుకప్ తిరిగి ఇచ్చే టైపే 17లో మారిపోయింది.

ఒక ఆదివారం క్లాసులో సగం మంది దగ్గర 22.04, సగం మంది దగ్గర 24.04. హెడర్ మెయిన్ నుంచి తెచ్చుకోమని నోట్స్‌లో రాసింది నేనే. ఒకరికి ఒక ఎర్రర్, పక్కవారికి ఇంకోటి. విజయవాడ నుంచి వచ్చిన ఇద్దరు ఆఖరి రైలు టెన్షన్‌లో హెడర్‌లోని లైన్లు ఒక్కొక్కటే మార్చి ఎలాగో కంపైల్ చేయించారు. రన్ చేస్తే క్రాష్. దయచేసి ఆ పని చేయకండి. ఆ హెడర్ మీరు బాగుచేయాల్సిన ఫైల్ కాదు.

పరిష్కారం: ఎల్‌ఎల్‌వీఎం-కాన్ఫిగ్ 18.1.3 అంటే గిట్‌హబ్‌లో మెయిన్ అని ఉన్నచోట నొక్కి, ట్యాగుల్లో ఎల్‌ఎల్‌వీఎంఓఆర్‌జీ-18.1.3 ఎంచుకోండి. హెడర్‌నీ, నాలుగో అధ్యాయం టాయ్ ఫైల్‌నీ రెండూ అక్కడి నుంచే తీసుకోండి. చదివే పేజీ కూడా ఆ వెర్షన్‌దే కావాలి. పేజీలో వెర్షన్ అంకె చివర 'గిట్' అని ఉంటే అది మెయిన్‌ది. విడుదలైన వెర్షన్ల పత్రాలు వాళ్ల రిలీజెస్ సైట్‌లో విడిగా ఉంటాయి.

ఇంత చేసినా పోలేదా? మెషీన్‌లో రెండు ఎల్‌ఎల్‌వీఎంలు ఉన్నాయేమో చూడండి. 18 వేసుకున్నా వట్టి ఎల్‌ఎల్‌వీఎం-కాన్ఫిగ్ ఇంకా 14నే చూపిస్తూ ఉండొచ్చు. కమాండ్‌లో ఎల్‌ఎల్‌వీఎం-కాన్ఫిగ్-18 అని పూర్తిగా రాయండి.

పిల్లల కోసం ఇలాంటి నోట్స్ రాసేవారికి నా విన్నపం: ప్రతి అధ్యాయం మొదటి లైన్‌లో వెర్షన్, ట్యాగ్ రాయండి. చివర కంపైల్ కమాండ్ పూర్తిగా ఇచ్చి, 4+5; కొడితే 9.000000 రావాలి అని చెప్పండి. అది రానివాళ్లు తర్వాతి అధ్యాయానికి వెళ్లకుండా అక్కడే ఆగి అడుగుతారు.

సైన్ నడుస్తోంది, నేను రాసిన పుట్‌చార్డ్ మాత్రం దొరకలేదంటోంది

సైన్ బయటి షేర్డ్ లైబ్రరీలోది. పుట్‌చార్డ్ మీ ప్రోగ్రామ్‌ లోపలిది, లినక్స్‌లో అది తనంతట తాను జిట్‌కి కనపడదు. కమాండ్‌కి -ఆర్‌డైనమిక్ చేర్చండి. ఫంక్షన్ ముందు ఎక్స్‌టర్న్ "సి" ఉందో లేదో చూడండి.

ఏడో అధ్యాయంలో క్రియేట్‌లోడ్ ఒప్పుకోవడం లేదు

క్రియేట్‌లోడ్ అంటే పాయింటర్ చూపే చోటి విలువను చదివే కాల్. పాత బ్లాగు చూసి రాసి ఉంటారు. ఎల్‌ఎల్‌వీఎం 15 నుంచి పాయింటర్‌కి తాను చూపించేది ఏ టైపో తెలియదు. ఆ టైపును మొదటి ఆర్గ్యుమెంట్‌గా మీరే ఇవ్వాలి.

'టైప్‌ఇన్ఫో' గురించి ఎర్రర్ వస్తే, మీరు సొంతంగా బిల్డ్ చేసిన ఎల్‌ఎల్‌వీఎంలో ఆర్‌టీటీఐ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు టైపు సమాచారం ఇచ్చే సౌకర్యం) ఆపేసి ఉంటుంది. ఎల్‌ఎల్‌వీఎం-కాన్ఫిగ్ ఇచ్చే సిఎక్స్‌ఎక్స్‌ఫ్లాగ్స్ వదలకుండా వాడితే చాలు. ఆ బిల్డ్‌లో 8 జీబీ లాప్‌టాప్ బిగుసుకుపోతే బిల్డ్ మానేయండి. ఈ ట్యుటోరియల్‌కి ఆప్ట్ ప్యాకేజీ సరిపోతుంది.