తొలిచూలు లామా ఈనేటప్పుడు

లామా (ఒంటె జాతికి చెందిన దక్షిణ అమెరికా పెంపుడు జంతువు) సుమారు పదకొండున్నర నెలలు చూలు మోసి సాధారణంగా పగటిపూటే ఈనుతుంది కాబట్టి, పొద్దుపోయాక నొప్పులు పడుతుంటే దానినే హెచ్చరికగా తీసుకోవాలి. ముక్కు, రెండు ముందరి పాదాలు కలిసి కనిపిస్తే పిల్ల సరైన తీరులో వస్తున్నట్లే. తల మాత్రమే వచ్చినా, ఒక్క కాలే బయటపడినా, తోక ముందుగా కనిపించినా, గట్టిగా ముక్కడం మొదలై అరగంట గడిచినా పురోగతి లేకపోయినా వెంటనే పశువైద్యుణ్ణి పిలిపించాలి. తొలిచూలు తల్లికి జననమార్గం బిగువుగా ఉండి కొంత ఆలస్యం కావచ్చు. అంతమాత్రాన కంగారుపడి కాళ్లు పట్టి లాగితే గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు అదే. లామా తన పిల్లను నాకదు కనుక, ముక్కుకు అంటుకున్న తడి పొరను శుభ్రమైన గుడ్డతో మీరే తుడవాలి. ఈనిన తర్వాత మాయ (గర్భంలో పిల్లకు పోషణ అందించే భాగం) 6 నుంచి 8 గంటల్లోగా పడకపోతే వైద్యుడికి మళ్లీ చెప్పాలి.